పచ్చికలో పూసేది గడ్డనా, దుంపనా, లశునమా?

ప్రశ్న (నల్లగొండ): ఇంగ్లండు తోటల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్న. చలి పోకముందే ఇంటి ముందటి పచ్చికలో పూసే స్నోడ్రాప్, క్రోకస్, సిల్లాలన్నిటినీ అందులో 'బల్బులు' అన్నరు. 'దుంపలు' అని రాయొచ్చా? ఏటేటా పచ్చిక నిండుతయి కదా, దాన్ని 'అల్లుకున్నయి' అంటే సరిపోతదా?

జవాబు (వనపర్తి): 'గడ్డలు' అనే రాయండి సార్. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, ఆలుగడ్డ, చామగడ్డ అన్నీ మనకు గడ్డలే. విడమరిచి చెప్పాల్సిన చోట వృక్షశాస్త్రం పుస్తకాల మాటలున్నయి: ఉల్లి లశునం, చామ కందం, ఆలు దుంప, అల్లం కొమ్ము. స్నోడ్రాప్ గడ్డను అడ్డంగ కోస్తే ఉల్లి లెక్క పొరలుంటయి, సిల్లా కూడా అంతే. ఈ రెండూ లశునాలు. క్రోకస్ లోపల పొరలుండవు, అంతా గట్టి కండనే. పాత గడ్డ ఏటా వట్టిపోయి దాని నెత్తిన కొత్తది కడ్తది. అది కందం. అందుకే మూడింటికీ కలిపి 'దుంప' అంటే తప్పయితది.

'అల్లుకోవడం' తీగల పని. గడ్డ ఉన్నకాడనే పిల్లలు పెట్టి గుంపు కడ్తది, 'పిల్లలు పెట్టినయి' అనండి. సిల్లా గింజలకు చిన్న కండ అంటుకొని ఉంటది, దానికోసం చీమలు గింజను మోసుకపోతయి. తల్లి మొక్కకు దూరంగ మొలిచేవి అవే. వాటికి 'రాలి మొలిచినయి' అంటే చాలు.

జవాబు (మిర్యాలగూడ): వ్యాసంలో 'ఆకులు చచ్చేదాక' అని రాయకండన్నా, 'ఆకు పండేదాక' అనండి. అసలు సంగతి ఆ మాటలోనే ఉన్నది. పూత అయినంక ఆకు చేసిన ఆహారమే గడ్డలోకి దిగుతది. సుమారు ఆరు వారాలు గడ్డికోత మిషన్ అటు పోనియ్యొద్దు. పచ్చాకు కోస్తే గడ్డ సన్నబడి మరుసటేడు ఆకే వస్తది, పువ్వు రాదు. ఆకులను ముడేసి కట్టినా నష్టమే, ఎండ తగలదు. నాటే లోతు గడ్డ ఎత్తుకు రెండు మూడింతలు, మొన పైకి.

ప్రశ్న (నల్లగొండ): మన దిక్కు ఇవి పూస్తయా?

జవాబు (అచ్చంపేట): పూయవు. వాటికి వారాల తరబడి, నీళ్లు గడ్డకట్టేదానికి దగ్గరి చలి కావాలె, మన చలికాలం చాలదు. ఇక్కడి పచ్చికకు రెయిన్ లిల్లీ మంచిది, అదీ లశునమే. రెండంగుళాల లోతున, మూడు నాలుగంగుళాల ఎడంతో పెట్టాలె. ఎండాకాలం ఎండినట్టే ఉండి మిర్గం వాన పడ్డ కొన్నాళ్లకే మొగ్గేస్తది. చెలక నేలలో బాగుంటది. రేగడిలో నీళ్లు నిలిచి గడ్డ మురుగుతది, ఇసుక కలిపి మడి ఎత్తు చేయాలె. దాని ఆకు గరికలో కలిసిపోతది, తెలియక కోసేస్తరు. నాటిన చోట పుల్ల గుచ్చి పెట్టుకోండి.

ఒక్క జాగ్రత్త. 'ఉల్లి లాంటిది' అని రాసి వదిలేయకండి. రెయిన్ లిల్లీ, స్నోడ్రాప్ గడ్డలు విషం. మన గుట్టల మీది అడవి ఉల్లి కూడా అంతే, పేరులో ఉల్లి ఉన్నా తినేది కాదు. పిల్లలున్న ఇంట్ల తవ్విన గడ్డలను వంటింటి గంపలో పెట్టొద్దు.

జవాబు (వనపర్తి): 'అల్లుకుంది' అనే మాట తుంగకు వాడండి సార్. దాని గడ్డలు మట్టి కింద వేర్ల లాంటి కాడలతో ఒకదానికొకటి గొలుసు కడ్తయి. పైకి పీకితే ఆకు చేతికొస్తది, గడ్డ లోపలనే ఉండి మళ్ల మొలుస్తది. నేల తడిగున్నప్పుడు పార లోతుగ దించి గొలుసు తెగకుంట తీయాలె.