కోచ్ తన ఇన్‌హేలర్ పిల్లలకు ఇవ్వొచ్చా?

సాగర్‌నగర్ నాన్న: మా పాపకి పద్నాలుగేళ్లు, 800 మీటర్లు పరుగెడుతుంది. మొన్న విశాఖ బీచ్ రోడ్డులో ప్రాక్టీసులో ఆయాసపడితే కోచ్ గారు తన ఇన్‌హేలర్ ఇచ్చారట. ఇప్పుడు పోటీకి ముందు కూడా రెండు పఫ్‌లు పీల్చమంటున్నారు. ఆస్తమా ఉందని ఏ డాక్టరూ చెప్పలేదు. ఆయన మంచివారే, అడిగితే ఏమనుకుంటారోనని టెన్షన్.

గ్రౌండ్ మాస్టారు: నేనూ కోచ్‌నే. పిల్ల ఊపిరాడక కూలబడితే డాక్టర్ చీటీ ఉందా అని అడుగుతూ కూర్చోవాలా? ఆ ఇన్‌హేలర్‌లో ఉండే సాల్‌బుటమాల్ మందు పీల్చడం ఆటల్లో నిషేధం కాదు. పోర్టు బొగ్గు దుమ్ము పీల్చే ఊరు మనది, పిల్లికూతలు వినపడని గ్రౌండ్ ఒక్కటి చూపించండి.

మందుల షాపు: అది సగం నిజమే మాస్టారూ. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిబంధన ప్రకారం 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు, ఏ 8 గంటల్లోనూ 600 దాటకూడదు. పఫ్‌కి 100 చొప్పున 8 గంటల్లో ఆరు పఫ్‌లే. మీరిచ్చినవి, ఇంట్లో పీల్చినవి కలిపి ఎవరు లెక్కపెడుతున్నారు? అదే మందు మాత్రగానో సిరప్‌గానో వేసుకుంటే ముందస్తు అనుమతి లేకుండా కుదరదు. టెర్బుటలిన్ అనే అలాంటి మరో మందుకైతే పీల్చినా అనుమతి కావాల్సిందే. అది మన దగ్గు సిరప్‌లు కొన్నింట్లో ఉంటుంది. ఇంట్లో ఉన్న సీసా ఎత్తి తాగించేయడం మనకి అలవాటు, వెనక చిన్నక్షరాలు చదివేదెవరు? ఒంట్లో దొరికినదానికి జవాబు చెప్పాల్సింది పిల్లే. ఇచ్చిన కోచ్‌కీ చిక్కే.

గ్రౌండ్ మాస్టారు: పరుగెత్తితేనే ఆయాసం వచ్చేవాళ్లకి ముందు రెండు పఫ్‌లు డాక్టర్లే రాస్తారు కదండీ.

పాత 1500: రాస్తారు, ఊపిరి పరీక్ష చేసి. నేను 1500 మీటర్లు పరుగెత్తిన రోజుల్లో ఒకే ఇన్‌హేలర్ నలుగురం తుడుచుకుని పీల్చేవాళ్లం. ఆస్తమా లేని నాకు దక్కింది గుండె దడ, స్టార్టింగ్ లైన్ దగ్గర చేతుల వణుకు. టైమింగ్ మాత్రం తగ్గలేదు. మాలో ఒకడికి నిజంగానే ఆస్తమా. అరువు పఫ్‌లతో నెట్టుకొచ్చి, రెండేళ్లు ఆలస్యంగా డాక్టర్ని కలిశాడు. నాకు కోపం అక్కడే. అన్నట్టు, 2007లో ఇటలీ సైక్లిస్టు పెటాకీకి ఆస్తమా ఉంది, అనుమతీ ఉంది. అయినా మోతాదు దాటిందని నిషేధం పడింది.

సాగర్‌నగర్ నాన్న: సోమవారం ఛాతీ ఆసుపత్రిలో చూపిస్తాను. శనివారం మీట్‌లో ఇన్‌హేలర్ వద్దని కోచ్ గారికి ఫోన్ చేశాను. "సరే" అన్నారు గానీ గొంతులో తేడా తెలిసింది.

గ్రౌండ్ మాస్టారు: మళ్లీ కూలబడితే మేమేం చేయాలో కూడా డాక్టరు చేత రాయించి తెండి. జేబులో పెట్టుకుంటాం.