సింగపూర్‌లో ఏది అసలైన కతోలిక కేథడ్రల్? పెద్దవారితో వెళ్లి చూడవచ్చా?

గుణదలవాసి (ప్రశ్న)
వచ్చే నెల అమ్మను తీసుకుని అయిదు రోజులు సింగపూర్ వెళ్తున్నాను. ఏటా ఫిబ్రవరిలో గుణదల కొండకు వెళ్లందే ఊరుకోని మనిషి కాబట్టి, అక్కడి పాత కతోలిక కేథడ్రల్‌లో ఒక్క దివ్యపూజలోనైనా పాల్గొనాలని ఆమె కోరిక. నిరుడు వెళ్లివచ్చిన బంధువులు ఎత్తైన తెల్లని శిఖరమున్న గుడి ఫొటో పంపి ఇదేనన్నారు గాని, మ్యాపులో చూస్తే పేరు వేరుగా ఉంది. డెబ్బై దాటిన మనిషిని శ్రమపెట్టి తీసుకువెళ్లేంత విశేషం లోపల ఉందా?

పాతభవనాలపిచ్చి
మీవాళ్లు పంపినది సెయింట్ ఆండ్రూస్ కేథడ్రల్ అయివుంటుంది. అది కతోలికులది కాదు, ఆంగ్లికన్ (ఇంగ్లండ్ ప్రొటెస్టెంటు శాఖ) వారిది. రెండూ సిటీ హాల్ స్టేషన్‌కు నడక దూరంలోనే ఉండడం వల్ల నేను కూడా మొదటిసారి అందులోనే అరగంట కూర్చుని, చివరకు బోర్డు చదివి లేచి వచ్చాను. మీరు వెళ్లవలసినది క్వీన్ స్ట్రీట్‌లో ఉన్న ‘గుడ్ షెపర్డ్’ కేథడ్రల్. ఫ్రెంచి ఫాదర్ బ్యూరెల్ చందాలు పోగుచేయగా 1843లో శంకుస్థాపన జరిగి, 1847లో ప్రారంభమైన ఈ దేవాలయం సింగపూర్‌లోని కతోలిక దేవాలయాలన్నిటిలోకీ పాతది. తమాషా ఏమిటంటే, దీని శిఖరాన్ని అప్పటి పాత ఆండ్రూస్ చర్చి శిఖరాన్ని చూసే కట్టారు. రెండుసార్లు పిడుగు పడి ఆ పాత చర్చిని కూల్చివేయగా, నకలు మాత్రం నిలిచింది.

సింగపూర్ కోడలు
అలంకారాలు ఆశించి వెళ్తే నిరాశ తప్పదు. నాకు నచ్చింది ఆ నిరాడంబరతే. ఏసీలు లేని కాలంలో కట్టినది కనుక, పక్కగోడల పొడవునా గాలి ఆడేందుకు చెక్కపలకల రెక్కలున్న నిలువెత్తు తలుపులు పెట్టారు. 1912 నాటి పైప్ ఆర్గన్ ఇప్పటికీ పలుకుతోంది. 1942లో యుద్ధ సమయంలో ఇదే అత్యవసర ఆసుపత్రిగా ఉపయోగపడింది. గోడలు పగుళ్లిచ్చి ప్రమాదస్థితికి చేరడంతో మూసివేసి, మరమ్మతుల తర్వాత 2016లో మళ్లీ తెరిచారు.

అమ్మగారికి తప్పక చెప్పవలసినది ఆ పేరు వెనుక కథ. 1820లో సింగపూర్‌లో కొద్దికాలం ఆగిన ఫ్రెంచి గురువు లారెంట్ ఇంబెర్, తర్వాత కొరియాలో బిషప్‌గా ఉండగా, 1839లో అక్కడ క్రైస్తవులపై హింసలు చెలరేగాయి. విశ్వాసులకు ప్రాణహాని తగ్గుతుందన్న ఆశతో తాను లొంగిపోయి, మంచి కాపరి తన గొర్రెల కోసం ప్రాణమిస్తాడని గుర్తుచేస్తూ మిగతా ఇద్దరు ఫ్రెంచి గురువులనూ లొంగిపొమ్మని కబురు పంపారు. ముగ్గురికీ శిరచ్ఛేదం జరిగింది. దేవాలయానికి ‘మంచి కాపరి’ పేరు ఆ మాట నుంచే వచ్చింది. ఇంబెర్ పవిత్ర అవశేషం లోపల ఉంది.

గుణదలవాసి
కృతజ్ఞతలు. ఇక బయటి నుంచి చూసి వచ్చే ప్రసక్తి లేదు. అయితే అమ్మకు ఇంగ్లీషు రాదు, తమిళం కొంత అర్థమవుతుంది.

సింగపూర్ కోడలు
అలాగైతే కేథడ్రల్‌ను ఉదయం తీరికగా చూపించి, పూజకు ఓఫిర్ రోడ్డులోని లూర్దుమాత దేవాలయానికి తీసుకువెళ్లండి. 1888లో తమిళ కతోలికుల కోసం కట్టిన ఆ గుడిలో ఆదివారం తమిళ పూజ ఉంటుంది. వేళలు ముందుగా వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకోండి. గుణదలలో గుహలో ఉన్నది కూడా లూర్దుమాతే కదా, అమ్మగారికి కొత్త ఉండదు.