ఫొటో స్పష్టంగానే వస్తోంది, మూడ్ మాత్రం రావట్లేదు (ఆర్కే బీచ్, వన్ టౌన్ పాత కట్టడాలు)

కొత్తలెన్సు

అందరికీ నమస్కారం. వైజాగ్‌లో ఆర్కే బీచ్, తెన్నేటి పార్కు కింద రాళ్ళు, వన్ టౌన్‌లో పాత కట్టడాలు తీస్తున్నాను. ఏపీఎస్‌సీ (చిన్న సైజు సెన్సరు) బాడీ, 18-55 కిట్ లెన్సు, 10 స్టాపుల ఎన్‌డీ ఫిల్టరు (వెలుగు తగ్గించే నల్లటి గాజు, ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది), మామూలు ట్రైపాడ్. బీచ్‌లో పొద్దున్న ఏడున్నర ప్రాంతంలో ఐఎస్ఓ (సెన్సరు సున్నితత్వం) 100, అపర్చరు (లెన్సు రంధ్రం) ఎఫ్/22, షట్టరు 30 సెకన్లు. భవనాలకి మధ్యాహ్నం మూడున్నర, నాలుగు మధ్య ఎఫ్/8, ఆటో వైట్ బ్యాలెన్సు (రంగుని కెమెరాయే సరిచేసుకునేది). నీడలు నల్లబడకుండా మూడు ఎక్స్‌పోజర్లు (తక్కువ, మామూలు, ఎక్కువ వెలుగుతో తీసినవి) కలుపుతున్నాను.

ఆకాశం తెల్లకాగితంలా ఉంటోంది. సముద్రం పాలు ఒలకబోసినట్టు చదునుగా అయిపోతోంది. భవనాలు వెనక్కి వాలుతున్నాయి. అన్నీ కనిపిస్తున్నాయి కానీ ఆ చోట నిలబడితే కలిగే భావం ఫొటోలో లేదు. మార్చాల్సింది సామానా, టైమా, ఎడిటింగా?

మసకవేకువ

సామాను చాలు. ముందు టైము మార్చండి, తర్వాత "అన్నీ కనిపించాలి" అనే పట్టుదల వదలండి. మీ సెట్టింగులన్నీ చీకటిని తీసెయ్యడానికే పనిచేస్తున్నాయి. మూడు ఫ్రేములు కలిపితే నీడ పోతుంది, ఆటో వైట్ బ్యాలెన్సు వేకువలోని నీలాన్ని సగం కడిగేస్తుంది, ఏడున్నర ఎండ మిగతాది చదును చేస్తుంది.

వైజాగ్‌లో సూర్యోదయం జూన్‌లో 5:20 ప్రాంతం, డిసెంబరు చివర 6:25 ప్రాంతం. అసలు రంగు సూర్యుడు రాకముందు 25 నిమిషాల నుంచి 10 నిమిషాల వరకు. మన అక్షాంశంలో సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా లేస్తాడు కాబట్టి ఆ మసక వెలుగు త్వరగా అయిపోతుంది. అందుకే 45 నిమిషాల ముందే చేరి, ఫ్రేము కట్టుకుని, ఫోకస్ పెట్టుకుని సిద్ధంగా ఉండాలి. అప్పటి వెలుతురులో ఐఎస్ఓ 100, ఎఫ్/8 దగ్గర షట్టరు దానంతట అదే పావు సెకను, అర సెకనుకి వస్తుంది. ఎన్‌డీ బ్యాగులోనే ఉండనివ్వండి.

ఎఫ్/22 వద్దు. ఏపీఎస్‌సీలో ఎఫ్/11 దాటాక డిఫ్రాక్షన్ (సన్నటి రంధ్రంలో వెలుగు చెదరడం) వల్ల అంచులు మెత్తబడతాయి, పైగా సెన్సరు మీది ప్రతి దుమ్ముచుక్కా ఆకాశంలో మచ్చయి కూర్చుంటుంది. 18 ఎంఎం, ఎఫ్/8 దగ్గర రెండు మీటర్లు దాటి కొంచెం ముందుకి ఫోకస్ చేస్తే మీటరు దూరం నుంచి దిగంతం దాకా చక్కగా వస్తుంది. ముందున్న రాయికీ వెనకున్న కొండకీ అది సరిపోతుంది.

వైట్ బ్యాలెన్సు డేలైట్ మీద కట్టెయ్యండి, ఫైలు రా (RAW) ఫార్మాట్‌లో తీయండి. వేకువ నీలంగానే ఉంటుంది, ఉండనివ్వాలి కూడా.

తెల్లటి ఆకాశం సంగతి. మన తీరంలో చెమ్మ ఎక్కువ. గాల్లోని ఉప్పు రేణువులు చెమ్మ పీల్చి ఉబ్బుతాయి, దానికి పోర్టు వైపు దుమ్ము తోడవుతుంది. ఇలాంటి రేణువులు వెలుగుని ఎక్కువగా ముందుకే చెదరగొడతాయి. సూర్యుడు మీ వీపు వెనక ఉంటే మసక అంతగా తెలియదు, ఎదురుగా ఉంటే ఆ మసకే వెలుగుతుంది. మూడ్ కావాలంటే సూర్యుడికి ఎదురుగా గానీ, 30-40 డిగ్రీలు పక్కకి గానీ తిరగండి. 18 దగ్గర కాకుండా 55 దగ్గర (పూర్తిగా జూమ్ చేసి) తీయండి. యారాడ కొండ ఒక పొర, నీళ్ళు ఒక పొర, ఒడ్డున పడవ ఒక పొర, ఒకదానికంటే ఒకటి ముదురుగా వస్తాయి. వైడ్ లెన్సులో ఈ పొరలు చితికిపోయి సన్నటి గీతలవుతాయి. (కొండ మీది నేవీ స్థలాలవైపు, డాక్‌యార్డువైపు నిషేధపు బోర్డులుంటాయి. అక్కడ కెమెరా ఎత్తొద్దు.)

కెమెరాలోని వెలుగు మీటరు మసకని చూసి బూడిదరంగు చేసేస్తుంది. పొగమంచు, తుంపర, తెల్లటి నురగ ఫ్రేములో ఎక్కువుంటే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (వెలుగు సవరణ) +2/3 నుంచి +1 ఇవ్వండి. బీచ్‌లోని కుర్సురా జలాంతర్గామి లాంటి నల్లటి వస్తువు నిండుగా ఉంటే దానికి తిరగేసి -2/3 నుంచి -1. ఆ నల్లటి ఒడలికి ఎండలో తీస్తే ఆకారమే ఉండదు. సందె నీలంలో, కింద నుంచి, ఆకాశపు వెలుగు దాని వంపు వెంట ఒక గీతలా పారేటట్టు నిలబడితే ఆ బరువు తెలుస్తుంది.

ఇంకొకటి, దీన్ని ఎక్కువమంది వదిలేస్తారు. మనకి సముద్రం తూర్పున ఉంది కాబట్టి సాయంత్రం అందరూ కొండలవైపు తిరిగి అస్తమయం తీస్తారు. సూర్యుడు దిగాక సముద్రం వైపు తిరగండి. నీటి అంచు మీద నీలిబూడిద రంగు పట్టీ ఒకటి మెల్లగా లేస్తుంది, దాని పైన గులాబీ పట్టీ. ఆ నీలం భూమి నీడే. పది, పదిహేను నిమిషాలుంటుంది. ఆకాశం తేటగా ఉన్న శీతాకాలం రోజుల్లో బాగా తెలుస్తుంది. ఆ నేపథ్యం మీద ఒక్క తెప్ప, ఒక్క మనిషి ఉంటే చాలు.

సున్నపుగోడ

భవనాల సంగతి నేను చెప్తాను.

వాలడానికి కారణం కెమెరాని పైకెత్తడం. సెన్సరు నిలువుగా ఉంటే గోడలు నిలువుగా ఉంటాయి, అంతే. ట్రైపాడ్ తల మీది నీటిమట్టం గానీ, కెమెరాలోని లెవెల్ గానీ చూసి సమం చేయండి. పైభాగం తెగిపోతే వెనక్కి జరగండి. వీధి ఇరుకై జరగలేకపోతే ఎదురు మేడ మొదటి అంతస్తు నుంచి అడిగి తీయండి. అదీ కుదరకపోతే చుట్టూ ఐదోవంతు ఖాళీ వదిలి తీసి, తర్వాత సాఫ్ట్‌వేరులో నిలబెట్టండి. అలా నిలబెడితే కింది మూలలు తెగుతాయి కాబట్టి ఆ ఖాళీ తప్పనిసరి. రెండు మూడు డిగ్రీల వాలు పొరపాటులా కనిపిస్తుంది. వాల్చాలనుకుంటే బాగా వాల్చండి.

పాత సున్నపు గోడకి మూడ్ ఇచ్చేది ఏటవాలు వెలుగు. గోడకి దాదాపు సమాంతరంగా ఎండ గీసుకుంటూ పోతే పెచ్చులూడిన చోట్లు, నగిషీలు, కిటికీ చూరులు అన్నీ నీడ వేస్తాయి. ఎదురుగా కొట్టే ఎండలో అదే గోడ అట్టముక్క. కాబట్టి ఫోన్లోని దిక్సూచితో ప్రతి భవనం ముఖం ఎటుందో ముందు రాసుకోండి. తూర్పు ముఖానికి పొద్దున్న మొదటి వెలుగు నేరుగా పడుతుంది, సూర్యుడు పైకెక్కి పదకొండు ప్రాంతానికి వచ్చేసరికి పై నుంచి గీస్తుంది. దక్షిణపు ముఖానికి శీతాకాలమే మంచిది. డిసెంబరులో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 51 డిగ్రీలు దాటడు. ఉత్తరపు ముఖం సంగతి విచిత్రం: మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా వైజాగ్‌లో నడినెత్తి సూర్యుడు కొద్దిగా ఉత్తరానికి ఉంటాడు. మిగతా ఏడాదంతా మధ్యాహ్నం నీడలో ఉండే గోడకి ఆ రోజుల్లో పై నుంచి సన్నగా వెలుగు జారుతుంది. అప్పుడు ఎండ భరించడం కష్టమే, కానీ కురుపాం మార్కెట్ చుట్టుపక్కల వీధుల్లో నగిషీ గోడలకి ఆ గీత చూడదగ్గది.

సాయంత్రం దీపాలతో తీయాలంటే సూర్యాస్తమయం అయిన 15-20 నిమిషాలకి ఆకాశం, కిటికీ దీపం ఒకే స్థాయికి వస్తాయి. ఐఎస్ఓ 100, ఎఫ్/8, రెండు నుంచి నాలుగు సెకన్లతో మొదలెట్టండి. ట్రైపాడ్ కదపకుండా రెండు నిమిషాలకొక ఫ్రేము తీసుకుంటూ పోతే ఆ వరసలో ఒకటి సరిగ్గా పడుతుంది. ఎక్స్‌పోజర్లు కలపాల్సిన పనే రాదు. ఆకాశం పూర్తిగా నల్లబడ్డాక తీసిన భవనం గాల్లో వేలాడుతున్నట్టుంటుంది, దాని పైకప్పు గీత ఎక్కడుందో కంటికి తెలియదు.

దీపాల రంగు: హుద్‌హుద్ తుఫాను తర్వాత వీధుల్లో ఎల్ఈడీలు వచ్చాయి. పాత సోడియం దీపం నారింజ, సుమారు 2000 కెల్విన్ (వెలుగు రంగు కొలత, అంకె తగ్గితే వెచ్చన). ఎల్ఈడీ తెల్లగా, చల్లగా ఉంటుంది. పాత షాపుల్లో పసుపు బల్బు, బయట తెల్ల ఎల్ఈడీ కలిస్తే వైట్ బ్యాలెన్సు 4000 ప్రాంతంలో పెట్టి తీయండి. షాపు వెచ్చగా, వీధి చల్లగా పడుతుంది, ఆ తేడానే ఉంచుకోండి. చేతిలో పట్టుకుని తీసేటప్పుడు ఎల్ఈడీ కింద అడ్డచారలు వస్తే షట్టరు 1/50కో 1/100కో మార్చండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి దీపం సెకనుకి వందసార్లు మినుకుమంటుంది.

ఆటోలు, తీగలు అని చాలామంది బాధపడతారు. తీగలు ఆకాశం మీద నల్లగా కనబడితేనే ఇబ్బంది. వర్షం ముసురుపట్టినప్పుడు ఆకాశాన్ని పూర్తిగా వదిలేసి తలుపు, అరుగు, తడిసిన రోడ్డు మాత్రమే తీయండి. తడి రోడ్డు మీద ప్రతిబింబం కావాలంటే కెమెరా మోకాలి ఎత్తుకి దిగాలి. మనుషుల్ని తుడిచెయ్యొద్దు. 1/8 సెకనులో నడిచే మనిషి మసగ్గా, గోడ స్థిరంగా వస్తుంది. గోడ వయసు అప్పుడే తెలుస్తుంది.

కెరటం_పక్కన

మసకవేకువ గారు చెప్పినదాంట్లో ఎన్‌డీ బ్యాగులో పెట్టెయ్యమన్నది నాకు నచ్చింది, కారణం మాత్రం ఇంకొకటి కూడా ఉంది. 30 సెకన్లలో కెరటానికి ఆకారం ఉండదు. మన సముద్రం గురూ, చెరువు కాదు! విరిగి లాగే నీళ్ళే దాని గుణం. రాళ్ళ మీద నుంచి వెనక్కి జారేటప్పుడు, ముందుకొచ్చేటప్పుడు కాదు, పావు సెకను నుంచి సెకను లోపల నొక్కండి. తెల్లటి చారలు చూపుని సముద్రంలోకి లాక్కుపోతాయి. తుఫాను గాలికి ఎగిరే తుంపరకైతే 1/500 పైన.

ఎన్‌డీ వాడే సందర్భం ఒకటుంది: మబ్బు వేగంగా కదులుతూ, నీళ్ళు చిన్న అలలతో గజిబిజిగా ఉండి, ఫ్రేములో ఒక స్థిరమైన నల్లటి రాయి ఉన్నప్పుడు. అప్పుడైనా 6 స్టాపులది మేలు. పావు సెకను 16 సెకన్లవుతుంది. 10 స్టాపులది 1/60ని 16 సెకన్లకి తీసుకెళ్తుంది, అంటే అది పట్టపగటి సామాను.

ఇసుకలో ట్రైపాడ్ కాళ్ళు ఊరికే ఆనిస్తే కెరటం తగిలిన ప్రతిసారీ కాస్త దిగుతాయి, ఫ్రేము మెత్తబడుతుంది. కాళ్ళు వెడల్పు చేసి, తడి ఇసుకలోకి గట్టిగా నొక్కి, ఒక కెరటం పోయేదాకా ఆగి తీయండి. స్టెబిలైజేషన్ (చేతి వణుకు సరిచేసేది) ఆపండి, 2 సెకన్ల టైమరు పెట్టండి. సముద్రానికి పూర్తిగా వీపు తిప్పి నిలబడొద్దు, ముఖ్యంగా తెన్నేటి పార్కు రాళ్ళ దగ్గర నాచు మీద.

కొత్తలెన్సు

చాలా ఉపయోగం, అందరికీ థాంక్స్. ఇంకో మూడు అడుగుతాను. ఏసీ గదిలోంచి బయటికి తేగానే లెన్సు మసకబారుతోంది. పాడేరు దగ్గరి వంజంగి కొండ మీది మబ్బుల సముద్రానికి ఏ రోజు వెళ్ళాలో ఎలా తెలుస్తుంది? ఎర్రమట్టి దిబ్బల ఎరుపు ఫొటోలో ముద్దగా, గీతల్లేకుండా వస్తోంది, ఎందుకు?

మసకవేకువ

లెన్సు: చల్లటి గాజు మీద చెమ్మ పట్టడం. బ్యాగు జిప్పు తియ్యకుండా బయట 30 నిమిషాలు ఉంచండి, లేదా రాత్రి ఏసీ లేని గదిలో పెట్టండి. తుడిస్తే మళ్ళీ పడుతుంది. ఉప్పు తుంపర వేరే విషయం. ముందు బ్లోయరుతో ఇసుక ఊదాలి, తర్వాత మంచినీళ్ళతో తడిపిన గుడ్డ, చివర పొడిగుడ్డ. పొడిగుడ్డతో మొదలెడితే ఇసుక గీతలు పడతాయి.

వంజంగి: ఆ పొగమంచు రాత్రి నేల చల్లబడి లోయలో నిండేది. ముందు రెండు రోజుల్లో వాన పడి, రాత్రి ఆకాశం తేటగా, గాలి లేకుండా ఉంటే అవకాశం ఎక్కువ. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా చూడండి. ఎండ ఎక్కాక గంటా రెండు గంటల్లో కరిగిపోతుంది. అక్కడ కూడా 55 దగ్గరే తీయండి, కొండకొమ్ములు ద్వీపాల్లా విడివిడిగా వస్తాయి.

సున్నపుగోడ

ఎర్రమట్టి: ఆ ఇసుకకి ఐరన్ ఆక్సైడ్ పూత ఉంది. సాయంత్రపు ఎండలో మొత్తం హిస్టోగ్రాము (వెలుగు ఎక్కడెంతుందో చూపే గ్రాఫు) బాగానే కనిపించినా ఎరుపు ఛానెల్ ఒక్కటి కుడిగోడకి (వెలుగు మితికి) తగిలి ఉంటుంది, అందుకే గీతలు పోయి ముద్దవుతోంది. కెమెరాలో ఆర్‌జీబీ హిస్టోగ్రాము పెట్టుకుని, ఎరుపు గోడ వదిలేదాకా 2/3 స్టాపు తగ్గించండి. ఎడిటింగులో శాచురేషన్ పెంచొద్దు. ఎరుపు, నారింజ రంగుల వెలుగు కొంచెం తగ్గిస్తే మడతలు బయటికొస్తాయి. వాన పడ్డ మర్నాడు మట్టి ముదురు రంగులో ఉంటుంది, మబ్బు పల్చగా ఉంటే ఇంకా మంచిది. దిబ్బల అంచులు ఎక్కొద్దు. అది జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన చోటు, ఒక్క అడుగుకే అంచు జారుతుంది. గెడ్డల్లో (వాగు దారుల్లో) కిందనే నిలబడి తీస్తే గోడలు రెండు వైపులా ఎత్తుగా లేచి ఫ్రేము కూడా బాగుంటుంది.

ఎడిటింగులో ఇంకొక్కటి. డీహేజ్ (మసక తీసేసే) స్లైడరు పెంచడం మానండి. బీచ్ ఫొటోల్లో దూరపు పొరలకి బ్రష్షుతో -10 వేసి, దగ్గరి రాయికి మాత్రం +10 వేసి చూడండి. షాడోస్‌ని (నీడల్ని వెలిగించే స్లైడరుని) +20 దాటనివ్వకండి.