స్టేజీ మీద మాడ్యులర్: ప్రీసెట్లు సేవ్ చేసుకోవాలా, నాబ్‌లు చేత్తోనే తిప్పాలా?

గంటస్తంభం:
విజయనగరంలో మా టీమ్‌కి పండగ ప్రోగ్రాములే ఎక్కువ. సిరిమానోత్సవం సీజన్లో ఒక్క రాత్రిలో రెండు స్టేజీలు పడతాయి. కీబోర్డు పక్కన చిన్న యూరోరాక్ కేసు పెట్టాను, అంటే విడివిడి మాడ్యూళ్లని వైర్లతో కలుపుకునే మాడ్యులర్ సింథసైజర్. సౌండ్ పుట్టించే ఆసిలేటర్ మాడ్యూల్లో సొంత ప్రీసెట్లు దాచుకోవచ్చు, పాటకొకటి చొప్పున. మా గిటారిస్టేమో "ప్రీసెట్లు నొక్కేదానికి మాడ్యులర్ ఎందుకు, కీబోర్డు చాలదా" అంటున్నాడు. మీరేమంటారు?

బొబ్బిలి తీగ:
సరిగ్గా చెప్పాడు. ప్రీసెట్ నాబ్‌ల విలువలు దాచుకుంటుంది గాని వైర్లను దాచుకోదు. ఒక్క ప్యాచ్ కేబుల్ మారినా అదే ప్రీసెట్ వేరే సౌండ్ ఇస్తుంది. నా మాడ్యూల్లో ఎటెన్యువర్టర్లు (వచ్చే వోల్టేజీని తగ్గించే, తిరగేసే నాబ్‌లు) కూడా ప్రీసెట్‌లోకి ఎక్కవు. మధ్యలో సున్నా, ఎడమకి తిప్పితే వోల్టేజీ తలకిందులు. అది ఎటు ఉందో చూసుకోకుండా ప్రీసెట్ మారిస్తే పల్లవిలోనే పరువు పోతుంది.

నాగావళి గట్టు:
స్టేజీ మీద వైర్లు ఎవరు మారుస్తారండీ? 1970లో వచ్చిన మినీమూగ్ సింథసైజర్‌కి మెమరీ లేదు, కాగితం మీద నాబ్‌ల గుర్తులు రాసుకునేవారు. 1978లో ప్రాఫెట్-5 సింథసైజర్ వచ్చి 40 సౌండ్లు దాచింది. దానివల్ల సంగీతం ఏమీ చచ్చిపోలేదు.

పలాస జీడిపప్పు:
నేను క్వాంటైజర్లో (వోల్టేజీని దగ్గరి స్వరానికి సర్దే మాడ్యూల్) మోహన స్వరాలు ప్రీసెట్ చేసుకున్నాను. తప్పు స్వరం పడదు.

బొబ్బిలి తీగ:
గమకమూ పడదు.

పలాస జీడిపప్పు:
దాని తర్వాత స్లూ (స్వరం నుంచి స్వరానికి మెల్లగా జార్చే మాడ్యూల్) పెడితే కనీసం జారుడైనా వస్తుంది.

బొబ్బిలి తీగ:
అది వదిలేయండి, నా ప్రశ్నకి జవాబు చెప్పండి. ప్రీసెట్ మారాక ఫిల్టర్ నాబ్ కుడివైపు చూస్తుంటుంది, లోపల విలువ ఎడమవైపుది. ముట్టుకోగానే సౌండ్ ఎగిరిపడుతుంది. ఏం చేస్తారు?

నాగావళి గట్టు:
పికప్ మోడ్ ఉంటే ఆన్ చేసుకోవాలి. దాచిన విలువ దాటేదాకా నాబ్ పనిచెయ్యదు, ఎగరదు.

బొబ్బిలి తీగ:
అంటే సరిగ్గా కావలసినప్పుడు నాబ్ చచ్చిపడి ఉంటుందన్నమాట.

నాగావళి గట్టు:
ఒకసారి అటూ ఇటూ తిప్పితే పట్టుకుంటుంది. మూడుసార్లు చెప్పించుకుంటున్నారు, ఆ నాబ్ మీద మీకెందుకంత కక్ష?

బొబ్బిలి తీగ:
చెప్పమంటారా? శ్రీకాకుళం వైపు ఒక ఆర్కెస్ట్రాలో ఏళ్ల తరబడి వాయించాను. కేసు ఓనరుది. అందులో ప్రతి సౌండూ నేను రాత్రుళ్ళు కూర్చుని చేసి సేవ్ చేసినదే. అరసవల్లి రథసప్తమి ప్రోగ్రాంకి నన్ను పిలవలేదు. సగం డబ్బుకి ఒక కుర్రాణ్ణి తెచ్చి, ఏ పాటకి ఏ బటనో కాగితం మీద రాసిచ్చారు. జనానికి తేడా తెలీలేదు. చేత్తో తిప్పే రోజుల్లో అయితే ఆ కుర్రాడు నా దగ్గర నేర్చుకోవాల్సి వచ్చేది.

చీపురుపల్లి జంక్షన్:
అదీ సంగతి. పొద్దున్నించీ నాబ్ గొడవ అనుకుంటున్నాం.

నాగావళి గట్టు:
నేనూ టీమ్ నడుపుతున్నాను కాబట్టి రెండో వైపూ వినండి. ప్లేయర్ ఆఖరి నిమిషంలో ఫోన్ ఎత్తకపోతే కమిటీ వాళ్ళు నా చొక్కా పట్టుకుంటారు. ఆ రాత్రి నన్ను కాపాడేది ప్రీసెట్లే. జీతం ఇచ్చి చేయించిన సౌండ్లు టీమ్‌వే.

బొబ్బిలి తీగ:
జీతం వాయించినందుకు. సౌండ్లు చేసినందుకు ఎవరిచ్చారు? మీరిస్తున్నారా?

నాగావళి గట్టు:
కమిటీ నాకు సౌండ్లకని వేరే ఇస్తుందా?

బొబ్బిలి తీగ:
నేనడిగింది కమిటీని కాదు, మిమ్మల్ని.

గంటస్తంభం:
నాకా గొడవ లేదు, కేసు నాదే. ఆ పికప్ మోడ్ సంగతి మాన్యువల్లో చూస్తాను.

బొబ్బిలి తీగ:
చూడండి. ప్రీసెట్లు బయటికి తీసే వీలుంటే ఒక కాపీ ఇంట్లో పెట్టుకోండి. కేసు రాత్రిపూట మీ ఇంట్లోనే ఉంటోందా, టీమ్ వ్యాన్లోనా?