టర్బో డీజిల్‌కు ట్యూనింగ్ బాక్స్: ఏం చూసి కొనాలి?

ప్రశ్న:
1.5 లీటర్ల కామన్ రైల్ టర్బో డీజిల్, మాన్యువల్ గేర్లు, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉంది, 70,000 కిలోమీటర్లు తిరిగింది. నలుగురు ఎక్కితే ఎత్తు మీద 1,500–2,000 ఆర్‌పీఎం మధ్య బండి సరిగా లాగడం లేదు. మూడు రకాలు కనిపించాయి: ఓబీడీ సాకెట్‌లో (మెకానిక్ కంప్యూటర్ తగిలించి లోపాల కోడ్‌లు చూసే చోట) గుచ్చేది, యాక్సిలరేటర్ పెడల్ వైరుకు తగిలించేది, రైల్ (ఇంజెక్టర్లకు ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందించే పైపు) ప్రెషర్ సెన్సర్‌కు పెట్టేది. మూడోదాని అట్ట మీద 30 శాతం పవర్ పెరుగుతుందని ఉంది. ఏది తీసుకోమంటారు? రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ మార్చడం) చేయిస్తే మేలా?

జవాబు:
మొదటి రెండూ పక్కన పెట్టేయండి. పెట్రోలుకూ డీజిలుకూ, అన్ని బండ్లకూ ఒకటే అని చెప్పే ఓబీడీ ముక్కలో చాలాసార్లు లైట్లు వెలగడం తప్ప ఏమీ ఉండదు. 200 కిలోమీటర్లు నడిపితే మీ బండిని నేర్చుకుంటుందని రాసి ఉంటే అసలు ముట్టుకోవద్దు. పెడల్ బాక్స్ మోసం కాదు, కానీ అది పవర్ పెంచదు. మీరు 30 శాతం తొక్కితే 50 శాతం తొక్కినట్టు ఈసీయూకి (ఇంజిన్ కంప్యూటర్‌కు) చెబుతుంది. కాలు పూర్తిగా నొక్కాక బండి ఎంత లాగుతుందో అంతే లాగుతుంది.

ఇక మూడోది. దీని లెక్క తెలిస్తే ఆ 30 శాతం మాట ఎంత నిజమో మీకే తేలుతుంది. రైల్ ప్రెషర్ సెన్సర్‌కు మూడు పిన్నులు: 5 వోల్టుల సరఫరా, గ్రౌండ్, సిగ్నల్. ఉదాహరణకు 0.5 వోల్టు వస్తే సున్నా, 4.5 వోల్టులు వస్తే 2,000 బార్ అనుకోండి. ఈసీయూకి 1,600 బార్ కావాలంటే 3.7 వోల్టుల కోసం చూస్తుంది. బాక్స్ మధ్యలో కూర్చుని ప్రెషర్‌ను 10 శాతం తగ్గించి చూపిస్తుంది. ఈసీయూ పంపును ఇంకా తొక్కిస్తుంది, రైల్‌లో అసలు ప్రెషర్ దాదాపు 1,780 బార్‌కు చేరుతుంది. ఇంజెక్టర్ తెరిచి ఉంచే సమయం మాత్రం 1,600 లెక్కనే ఉంటుంది, కాబట్టి ఇంధనం ఎక్కువ పడుతుంది.

ఎంత ఎక్కువ? ఇంజెక్టర్‌లోంచి వెళ్లే ఇంధనం ప్రెషర్ వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. ప్రెషర్ 11 శాతం పెరిగితే ఇంధనం సుమారు 5 శాతమే పెరుగుతుంది. ఈ ఒక్క దారిలో 30 శాతం ఇంధనం కావాలంటే 2,700 బార్ దాటాలి. మన ఉదాహరణలో సెన్సర్ కొలతే 2,000తో ఆగిపోతుంది. పంపు, ఇంజెక్టర్ల సంగతి చెప్పక్కర్లేదు. మధ్య ఆర్‌పీఎంలో ప్రెషర్ తక్కువ కాబట్టి అక్కడ ఇంకాస్త పెంచే వీలుంది, తేడా తెలిసేదీ అక్కడే.

కొనేముందు అమ్మేవారిని రెండు అడగండి. మీ ఇంజిన్ కోడ్‌కు ఏ మ్యాప్ (సెట్టింగుల పట్టిక) వేసి ఇస్తారు? సెన్సర్ సిగ్నల్ అనలాగా, సెంట్ అనే డిజిటల్ పద్ధతా? కొత్త ఇంజిన్లు కొన్నింటిలో సెంట్ వచ్చింది. అనలాగ్ బాక్స్ వాటికి పనికిరాదు. రైల్ ప్రెషర్‌తో పాటు బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) సెన్సర్‌నూ పట్టుకునే రెండు చానళ్ల బాక్స్ అయితే ఇంధనానికి తగ్గ గాలీ అందుతుంది. ఒకటే చానల్ అయితే తక్కువ సెట్టింగ్‌లోనే ఉంచండి.

మరో జవాబు:
పైన చెప్పినవన్నీ సరైనవే, కానీ మీ ఫిర్యాదు 1,500 దగ్గర. అక్కడ టర్బో ఇంకా పూర్తిగా లేవదు. గాలి లేనిచోట ఇంధనం పోస్తే నల్ల పొగ వస్తుంది, డీపీఎఫ్ మసితో త్వరగా నిండుతుంది, ఎగ్జాస్ట్ వేడెక్కుతుంది. కాబట్టి ముందు బండిని చూపించండి. ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) గొట్టాల కీళ్లు, ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) పూర్తిగా మూసుకుంటోందా, టర్బో వేన్లు (లోపలి కదిలే రెక్కలు) మసి పట్టి బిగుసుకున్నాయా. గొట్టం కీలు దగ్గర నూనె తడి, దాని మీద దుమ్ము పట్టి ఉంటే గాలి అక్కడే పోతోందని అనుమానించాలి. 70,000 దగ్గర ఇవి మామూలే. వీటిని వదిలేసి బాక్స్ పెడితే జబ్బును కప్పేసినట్టే.

రీమ్యాప్ విషయం: ఇంధనం, బూస్ట్, టార్క్ పరిమితి, పొగ పరిమితి అన్నీ కలిపి మార్చేది అదొక్కటే. బాగా చేసినవారి చేతిలో బాక్స్ కంటే అదే మేలు. కంపెనీ అసలు సాఫ్ట్‌వేర్ ఫైల్ కాపీ మీ దగ్గర ఉంచుకోండి, డీపీఎఫ్ తీసేద్దామనేవారి దగ్గరికి వెళ్లకండి. బాక్స్ అయినా రీమ్యాప్ అయినా వారంటీకి ఇబ్బంది రావచ్చు, బీమా వారికి ముందే చెప్పాలి.

ప్రశ్న వేసినవారు:
బూస్ట్ గొట్టం కీలు దగ్గర నిజంగానే నూనె తడి ఉందండీ, మార్పిస్తాను. ఆ తర్వాత కూడా రెండు చానళ్ల బాక్సే కావాలనిపిస్తే నేనే బిగించుకోవచ్చా? ఓబీడీ యాప్‌లో రైల్ ప్రెషర్ గమనిస్తూ ఉంటే చాలా?

జవాబు:
బిగించుకోవచ్చు. తాళంచెవి తీసేసి, బండి లాక్ చేసి, 15 నిమిషాలు ఆగండి, ఈసీయూ నిద్రపోవాలి. సెన్సర్‌ను విప్పొద్దు, హై ప్రెషర్ పైపు జోలికి అసలు పోవద్దు. మీరు తీసేది కనెక్టర్ ఒక్కటే. లాక్ నొక్కి ప్లాస్టిక్ పట్టుకుని లాగండి, వైర్లు పట్టుకుని కాదు. కొత్త కనెక్టర్‌లో రబ్బరు సీల్ ఉందో లేదో వేలితో తడిమి చూడండి. సీల్ లేకపోతే వానాకాలంలో పిన్నులు చిలుము పడతాయి. సిగ్నల్ ఉండుండి తెగి పీ0192 లేదా పీ0193 (రైల్ ప్రెషర్ సెన్సర్ సిగ్నల్ లోపం) కోడ్‌తో బండి లింప్ మోడ్‌లోకి (పవర్ తగ్గించి నడిచే రక్షణ స్థితి) పోతుంది. బాక్స్‌ను టర్బోకు, ఎగ్జాస్ట్‌కు దూరంగా కట్టండి.

యాప్ మాట మాత్రం నమ్మకండి. అది చూపించేది ఈసీయూకి అందిన అంకె, అంటే బాక్స్ మార్చి పంపిన అంకె. అసలు ప్రెషర్ 1,780 ఉన్నా తెర మీద 1,600 అనే కనిపిస్తుంది. దానికి బదులు బాక్స్ పెట్టకముందు డీపీఎఫ్ రీజనరేషన్ (పట్టిన మసిని కాల్చేయడం) ఎన్ని కిలోమీటర్లకొకసారి జరుగుతోందో రాసి పెట్టుకోండి. ఆ దూరం బాగా తగ్గితే సెట్టింగ్ ఎక్కువైనట్టే. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరుగుతుంటే రీజనరేషన్లు ఎక్కువై డీజిల్ ఆయిల్‌లో కలుస్తోందని అర్థం.

అన్నిటికన్నా తక్కువ సెట్టింగ్‌తో మొదలుపెట్టి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో ఒకసారి పూర్తిగా తొక్కి చూడండి. పొగ, కోడ్‌లు లేకపోతే వారం నడిపాక ఒక్క మెట్టు పెంచండి. పీ0088 (రైల్ ప్రెషర్ మరీ ఎక్కువ) గానీ పీ0234 (బూస్ట్ మరీ ఎక్కువ) గానీ వస్తే ఒక మెట్టు దిగండి. తర్వాత నాలుగో గేరులో 1,800 నుంచి తొక్కండి. స్పీడు పెరగకుండా ఆర్‌పీఎం సూది మాత్రమే ఎగిరితే క్లచ్ జారుతోంది. అప్పుడు బాక్స్ తీసి, క్లచ్ ప్లేట్ మార్పించేదాకా పాత కనెక్టర్‌నే సెన్సర్‌కు పెట్టి నడపండి.