సింగిల్ ఫోటాన్‌ని ఏమందాం: ఏకైకమా, ఒంటరా, ఒంటా?

ప్రశ్న: ఇంటర్ పిల్లల కోసం క్వాంటమ్ ఆప్టిక్స్ మీద చిన్న వ్యాసం రాస్తూ ‘సింగిల్ ఫోటాన్’ (ఒకే ఒక్క కాంతి కణం) దగ్గర ఆగిపోయాను. ‘ఏకైక ఫోటాన్’ అంటే లోకంలో అదొక్కటే ఉన్నట్టుంది. ‘ఒంటరి’ అంటే దాని మీద జాలి పుడుతోంది. ఏమనాలండీ?

మొదటి జవాబు: ‘బలహీన కాంతి’ అంటే పోలేదా? లేజర్‌ని బాగా తగ్గిస్తే ఫోటాన్లు ఒక్కొక్కటే వస్తాయిగా.

రెండో జవాబు: రావండీ, చిక్కంతా అక్కడే. పల్స్‌కి, అంటే ఒక్కో కాంతి మెరుపుకి, సగటున 0.1 ఫోటాన్ ఉండేలా లేజర్‌ని తగ్గించామనుకోండి. 1000 పల్సుల్లో దాదాపు 905 ఖాళీ, 90 పల్సుల్లో ఒక్కో ఫోటాన్. మిగిలిన ఓ ఐదింట్లో మాత్రం రెండో, అంతకన్నా ఎక్కువో. మా ఊరికి బస్సులు తక్కువే, అయినా ఒక్కోసారి రెండూ కలిసే వచ్చేస్తాయి! అరుదుగా రావడం వేరు, ఒక్కటిగా రావడం వేరు.

నా ఓటు ‘ఒంటి’కి. ఒంటిస్తంభం మేడ, ఒంటెద్దు బండి అంటాం కదా. రెండో ఎద్దు లేదనే అర్థం, ఆ ఎద్దు దిగులుగా ఉందని కాదు. (‘ఒంటి నొప్పులు’ గుర్తొస్తే నేనేం చేయలేను.)

రెండోది లేదని తేల్చిన ప్రయోగం 1986 నాటిది. ఫ్రాన్స్‌లోని ఓర్సేలో గ్రాంజియే, రోజే, ఆస్పే చేశారు. ప్రేరేపించిన కాల్షియం పరమాణువు ముందు ఆకుపచ్చ ఫోటాన్‌ని, కొన్ని నానోసెకన్లలో ఊదా ఫోటాన్‌ని వదులుతుంది. పచ్చది డిటెక్టర్‌కి (ఫోటాన్ తగిలితే మోగే పరికరానికి) తగిలిందంటే ఊదాది బయల్దేరినట్టే. దాని దారిలో సగం కాంతిని వదిలి సగాన్ని తిప్పేసే అద్దం, అటూ ఇటూ చెరో డిటెక్టర్. ఫోటాన్ ఒంటిదైతే రెండూ కలిసి మోగకూడదు. మామూలు కాంతితో అయితే కాకతాళీయంగా కలిసే లెక్క కన్నా కిందికి దిగడం కుదరదు. వాళ్ళకి అందులో ఐదో వంతు కన్నా తక్కువే వచ్చింది.

ప్రశ్న అడిగినవారు: ‘ఒంటి’ ఖాయం. మరి ఇలా జంటలో మొదటిది ముందే ఉనికి చెప్పేసిన ఫోటాన్‌ని ‘హెరాల్డెడ్’ అంటారే, దాన్నేమనాలి? ‘పూర్వసూచిత’ అని రాసి కొట్టేశాను.

రెండో జవాబు: కొట్టేసి మంచి పని చేశారు. పచ్చది కబురు ఫోటాన్, ఊదాది కబురొచ్చిన ఫోటాన్.

మొదటి జవాబు: నా మాట వెనక్కి తీసుకున్నా. వెలుగు పడకపోయినా వేడి వల్ల డిటెక్టర్ మోగుతుందే, ఆ ‘డార్క్ కౌంట్’ని ‘చీకటి గణన’ అందామా?

రెండో జవాబు: ‘ఉత్తుత్తి మోత’ అనండి. దాన్ని తగ్గించడానికే డిటెక్టర్‌ని చల్లగా ఉంచుతారు.

ప్రశ్న అడిగినవారు: నాకు నచ్చింది. ఎడిటర్ గారితోనే టెన్షన్.