సిడ్నీలో ఒక్క రోజు: పొద్దున పనులు, సాయంత్రం హార్బర్‌లో సూర్యాస్తమయం

కాకినాడ_కాజా
మార్చి రెండో వారంలో అమ్మానాన్నలతో సిడ్నీ. బస పారమట్టా (సిటీకి పడమరనున్న శివారు) దగ్గర. శుక్రవారం ఒక్కటే ఖాళీ. లాండ్రీ, పోస్టాఫీసులో పార్సిల్, నాన్నగారి బీపీ మాత్రలు, హ్యారిస్ పార్క్‌లో (మనవాళ్ల షాపులుండే చోటు) సరుకులు, ఆపైన సూర్యాస్తమయం క్రూయిజ్. ఇవన్నీ ఒక్కరోజులో పడతాయా? క్రూయిజ్ ముందే బుక్ చేయాలా?

వెంటీ2145
పడతాయి. భోజనం ఉన్న క్రూయిజే కావాలంటే తప్ప బుకింగ్ అక్కర్లేదు. సిటీలోని ఫెర్రీ రేవు సర్క్యులర్ కీ నుంచి, హార్బర్ ఆ చివరన బీచ్ ఉన్న మ్యాన్లీకి వెళ్లే మామూలు సర్కారీ ఫెర్రీ (రూటు పేరు ఎఫ్1) ఎక్కండి. ఒకవైపు అరగంట.

చాలామంది సూర్యాస్తమయం వేళకి సర్క్యులర్ కీలో ఎక్కి మ్యాన్లీ వైపు వెళ్తారు. అప్పుడు పడమర వీపు వెనక ఉంటుంది. వెలుగుండగానే మ్యాన్లీ చేరుకుని, సూర్యాస్తమయానికి 20-25 నిమిషాల ముందు బయల్దేరే తిరుగు ఫెర్రీ పట్టుకోండి. ఆఖరి పది నిమిషాల్లో బ్రాడ్లీస్ హెడ్ (నీళ్లలోకి పొడుచుకొచ్చిన కొండ) మలుపు తిరగగానే ఆపెరా హౌస్, హార్బర్ బ్రిడ్జి రెండూ ఒకేసారి ఎదురొస్తాయి. సూర్యుడు కూడా అటే. మార్చి, సెప్టెంబర్‌లలో దాదాపు నేరుగా బ్రిడ్జి వెనకే దిగుతాడు. డిసెంబర్‌లో ఎడమకు జరిగి సిటీ భవనాల వెనక, జూన్‌లో కుడికి జరిగి నార్త్ సిడ్నీ వైపు. మీరు వచ్చే నెల సరైనదే.

సూర్యాస్తమయం జూన్‌లో సాయంత్రం 5 లోపే అయిపోతుంది, డిసెంబర్ ఆఖర్లో 8 దాటుతుంది. ఏప్రిల్ మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి జరుపుతారు, ఆ వారంలో వచ్చేవాళ్లు పాత టైము చూసుకుంటే చీకట్లో ఎక్కుతారు.

గోల్కొండ_గాలి
కార్డుల సంగతి ముందే చూస్కో తమ్మీ. వీసా, మాస్టర్‌కార్డ్, అమెక్స్ అయితే గేటు కాడ నేరుగా ట్యాప్ చేయొచ్చు. రూపే పనిచేయదు. మనదేశపు కార్డుల్ల విదేశీ లావాదేవీలు, కాంటాక్ట్‌లెస్ రెండూ మామూలుగ ఆఫ్‌లనే ఉంటయి. బ్యాంకు యాప్‌ల రెండు బటన్లు విడివిడిగ ఆన్ చేయాలె. ఒక్కటే చేసి ఊకుంటే గేటు ఎర్ర లైటు చూపిస్తది.

ఒక్కో మనిషికి ఒక్కో కార్డు. ఒకే కార్డుతోటి ముగ్గురు పోలేరు. ఇంకోటి, పొద్దున కార్డుతోటి, సాయంత్రం అదే కార్డున్న ఫోన్‌తోటి ట్యాప్ చేస్తే రెండు వేర్వేరు లెక్కలు నడుస్తయి, రోజు పరిమితి (ఆ దినం అంతకు మించి చార్జీ కోయరు) రెండింట్లనూ నిండదు. పొద్దుగాల దేంతోటి మొదలువెడితే రాత్రి దాక దాంతోనే. దిగినంక ట్యాప్ మర్చిపోతే గరిష్ఠ చార్జీ పడ్తది.

శుక్రవారం పెట్టుకున్నవ్, మంచి పనైంది. సోమ నుంచి గురు దాక రోజు పరిమితి 19 డాలర్లకు అటుఇటు, శుక్ర, శని, ఆదివారాలు అందుల సగమే. రైలు, బస్సు, ఫెర్రీ అన్నీ కలిపి. పక్కనే నిలబడే ప్రైవేటు ఫాస్ట్ ఫెర్రీ ఈ లెక్కల రాదు, తోవ తప్పి అది ఎక్కకుండ్రి.

కాకినాడ_కాజా
నాన్నగారికి 68. సీనియర్ రాయితీ ఉంటుందా అన్నా?

గోల్కొండ_గాలి
విజిటర్ వీసా మీద ఉండదు. ఓపల్ అంటె ఇక్కడి రవాణా కార్డు, అందుల గోల్డ్ ఓపల్ ఇక్కడి సీనియర్లకే. పిల్లలుంటే మాత్రం 4 నుంచి 15 ఏండ్లోళ్లకు చైల్డ్ ఓపల్ కార్డు తీస్కోవాలె, బ్యాంకు కార్డు ట్యాప్ చేస్తే పెద్దల చార్జీయే కోస్తది.

అత్తగారి_చింతకాయ
పనుల వరస నేను చెప్తాను.

మొదట లాండ్రీ. నాణేల మెషిన్లే ఇంకా చాలాచోట్ల ఉన్నాయి, 1, 2 డాలర్ల నాణేలు ముందే పోగేసుకోండి. ఉతకడం అరగంట, ఆరబెట్టడం ఇంకో 30-40 నిమిషాలు. డ్రయ్యర్ మూడొంతుల్లో రెండొంతులే నింపాలి. జీన్సు, తువ్వాళ్లు పల్చటి బట్టలతో కలిపేస్తే చొక్కాలు వేడికి ముడుచుకుపోతాయి గానీ జీన్సు నడుం దగ్గర తడి అలాగే ఉంటుంది. అమ్మగారి నూలు చీరలు డ్రయ్యర్‌లో వేయకండి.

ఉతుకుతుండగానే పోస్టాఫీసు. పార్సిల్ తెచ్చుకోవాలంటే పేరు, ఫోటో ఉన్న గుర్తింపు అడుగుతారు, పాస్‌పోర్టు పెట్టుకెళ్లండి. మన చిక్కు ఇంటిపేరుతోనే: పార్సిల్ మీద పొట్టిపేరు, పాస్‌పోర్టులో చాంతాడంత పేరు. ఆర్డర్ పెట్టేటప్పుడే పాస్‌పోర్టులో ఉన్నట్టు రాయించండి.

మాత్రలు: మన ఊరి డాక్టరు చీటీకి ఇక్కడి ఫార్మసీ మందులివ్వదు. ఇక్కడి జీపీ (మామూలు డాక్టరు) రాసివ్వాలి, మెడికేర్ (ఇక్కడి సర్కారీ ఆరోగ్య బీమా) లేనివాళ్లకి ఆ ఫీజు చేతినుంచే. మూడు నెలలకు సరిపడా మందులు ఇంటి నుంచే తేవచ్చు. స్ట్రిప్పుల్లోనే ఉంచి, చీటీ జతచేయండి. డబ్బాల్లోకి ఒలిచి తెస్తే విమానాశ్రయంలో చెప్పుకోవడం కష్టం.

సరుకులకి హ్యారిస్ పార్క్ పారమట్టా నుంచి పదిహేను నిమిషాల నడక. బియ్యం, పప్పులు, కారం పొద్దున కొని బసలో పెట్టేయండి. పెరుగు, పాలు రాత్రికి, సూపర్‌మార్కెట్లు అప్పుడూ ఉంటాయి. మామూలు షాపులు మాత్రం 5-6కే మూసేస్తారు, గురువారం తప్ప.

అలల_మీద_ఆవకాయ
పడవ గురించి రెండు ముక్కలు.

ఫ్రెష్‌వాటర్ రకం పెద్ద పాత బోట్లకి రెండు చివరలూ ముందు భాగాలే, మ్యాన్లీలో వెనక్కి తిరగవు. వెళ్లేటప్పుడు ముందున్న డెక్ వచ్చేటప్పుడు వెనకదవుతుంది. ఆ సంగతి తెలియక అదే చోటు పట్టుకుంటే తిరుగు ప్రయాణమంతా నురగ చూస్తూ కూర్చోవాలి. ఎక్కగానే సిటీ వైపు ఉన్న బయటి డెక్‌కి వెళ్లండి. లోపల కూర్చుంటే ఆపెరా హౌస్ వెళ్లేటప్పుడు కుడివైపు, వచ్చేటప్పుడు ఎడమవైపు. కొత్త ఎమరాల్డ్ బోట్లు చిన్నవి, సాయంత్రం క్యూలో ముందుంటే తప్ప బయట చోటు దొరకదు.

నార్త్ హెడ్, సౌత్ హెడ్ అనే రెండు కొండల (హెడ్స్) మధ్య హార్బర్ సముద్రంలోకి తెరుచుకుంటుంది. అక్కడ కొన్ని నిమిషాలు పక్క నుంచి అల కొడుతుంది. కడుపులో తిప్పేవాళ్లు కింది అంతస్తులో మధ్యన కూర్చుని దూరంగా గట్టు వైపు చూడాలి. అల మరీ పెద్దదైతే మ్యాన్లీ ఫెర్రీలు రద్దు చేసి బస్సులు వేస్తారు, కాబట్టి మధ్యాహ్నమే రవాణా యాప్ చూడండి. రద్దయితే ఎఫ్9లో వాట్సన్స్ బే వెళ్లండి. అది హెడ్స్ దాటదు, తిరిగి వచ్చేటప్పుడు ఎదురుగా అదే పడమర.

ఎండ కాస్తున్నా జాకెట్ ఉండాలి. డెక్ మీద గాలికి చున్నీ ఆగదు.

కాకినాడ_కాజా
మ్యాన్లీలో శాకాహారులకి ఏమైనా? తిరిగి పారమట్టా ఎలా?

వెంటీ2145
రేవు నుంచి కోర్సో వీధిలో అయిదారు నిమిషాలు నడిస్తే అటువైపు సముద్రం. చిప్స్ కొనేముందు చేప వేయించిన నూనెలోనేనా అని అడగండి, చాలాచోట్ల ఒకే నూనె. బీచ్‌లో బెంచీ మీద తినకండి, సీగల్స్ చేతిలోంచి లాక్కుపోతాయి. పులిహోర కట్టుకెళ్తే గొడవే లేదు.

తిరుగు దారి: సర్క్యులర్ కీ నుంచి వైన్యార్డ్ పది నిమిషాల నడక, అక్కడ పారమట్టా వైపు టీ1 రైలు. నాన్నగారికి నడక కష్టమైతే సర్క్యులర్ కీ స్టేషన్‌లోనే ఎక్కి సెంట్రల్‌లో మారండి. లిఫ్టులున్నాయి. హ్యారిస్ పార్క్‌లో దిగాలనుకుంటే టీ2 చూసుకోండి, ఫాస్ట్ రైళ్లు ఎక్కువగా అక్కడ ఆగవు.